గుడారానికి ఎన్ని మార్కులు?

భిలాయి సెక్టర్ 4 క్వార్టర్లలో సెలవు రోజు అంటే రెండే దారులు. పిల్లలుంటే మైత్రీ బాగ్, లేదంటే గంగ్రేల్. ధమ్తరి దాటాక మహానదికి అడ్డంగా కట్టిన ఈ డ్యామ్ అధికారిక నామం రవిశంకర్ సాగర్. పంటలతో పాటు భిలాయి ఉక్కు కర్మాగారానికీ నీళ్లిస్తుంది. అంటే మా ఊరి కొలిమి చల్లబడేది ఈ నీటితోనే.

ఒడ్డున పర్యాటక శాఖ కాటేజీలున్నాయి. నేను రాత్రి గడిపింది అక్కడ కాదు. నాటు పడవలో తప్ప చేరలేని అవతలి గట్టున, నాలుగు గుడారాల మధ్య. కరెంటు లేదు. సెల్‌ఫోన్ పలకదు. ఇలాంటి చోటును మెచ్చుకోవడం తేలిక. మార్కులు వేయడమే కష్టం.

ముందు పడవ. మనుషులు ఐదుగురు, లైఫ్ జాకెట్లు మూడు. 2019 సెప్టెంబర్‌లో గోదావరిలో కచ్చులూరు దగ్గర బోటు మునిగిన సంగతి తెలిసిన తెలుగువారికి ఈ లెక్క మింగుడుపడదు. రెండు ట్రిప్పులుగా వెళ్లాం. భోజనానికి ఫుల్ మార్కులు: వేడి అన్నం, చేపల కూర, రోట్లో నూరిన టమాటా చట్నీ. మరుగుదొడ్డి చుట్టూ తడిక, లోపల శుభ్రం. కానీ గొయ్యి తవ్వింది నీటికి ఇరవై అడుగుల దూరంలో. ఆరుబయట విడిది చేసేవారు కనీసం 60 మీటర్లు వదలాలన్నది చాలా దేశాల్లో పాటించే నియమం. వానాకాలంలో ఆ మురికి ఎటు పోతుందో చెప్పనక్కర్లేదు.

ఇక అసలు ప్రశ్న. "కాకా, మీదే ఊరు?" అని పడవ నడిపే పెద్దాయనను అడిగా. తెడ్డుతో నీళ్లు చూపించాడు. "ఇక్కడే బాబూ, అడుగున." ముంపు నాటికి ఆయన పసివాడు. ఇప్పుడు ఆ నీటి మీదే టూరిస్టులను దాటిస్తున్నాడు. పడవ కూలీ తప్ప గుడారం అద్దెలో పైసా వాటా లేదు.

భిలాయి కోసం సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది 1955లో. నాగార్జున సాగర్‌కు నెహ్రూ శంకుస్థాపన చేసిందీ అదే ఏడాది. అక్కడ ముంపు లోయలోని బౌద్ధ శిల్పాలను కొండ మీది మ్యూజియానికి చేర్చారు. ఇక్కడ మునిగిన పల్లెల అంగార్‌మోతీ అమ్మవారికి గట్టున గుడి కట్టారు. శిల్పాలకూ దేవతకూ కొత్త చిరునామా దొరికింది. కాకాకు దొరికింది తెడ్డు.

నా లెక్కలో పదికి ఆరు. తలకో జాకెట్ ఇచ్చి, గొయ్యి దూరంగా తవ్వితే ఎనిమిది. మిగతా రెండూ గుడారం అద్దెలో ముంపు ఊళ్లవారికి వాటా ఇచ్చిన రోజు వేస్తాను.