ఆదోని–ఎమ్మిగనూరు రోడ్డు: ఎవరి కూలి, ఎవరి దారి

ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు దాదాపు ముప్పై కిలోమీటర్లు. ఈ రోడ్డు గురించి రాసేవాళ్ళు రెండు కొసల నుంచి మొదలుపెడతారు. ఆ కొస ఆదోని: కోట, సిద్ది మసూద్ ఖాన్, పత్తి యార్డు, 1871 నాటికే మద్రాసు–బొంబాయి రైలు. ఈ కొస ఎమ్మిగనూరు: రైలు ఇప్పటికీ లేదు, మగ్గం ఉంది, 1938లో మాచాని సోమప్ప పెట్టిన చేనేత సహకార సంఘం ఉంది. అన్నీ నిజాలే. మధ్యలో మా గేరి మాత్రం కనిపించదు. మా అమ్మ ఆ యార్డుకు పోయే పత్తిని చేన్లలో ముప్పై ఏళ్ళు ఏరింది. యార్డు లోపల ఎట్లుంటుందో చూడలేదు.

ఆదోని 1953 దాకా బళ్ళారి జిల్లాలో ఉండేది. 1876–78 కరువులో ఆ జిల్లా ఎట్లా ఎండిపోయిందో మీరు చదివే ఉంటారు. అప్పుడు సర్కారు తిండి ఊరికే పెట్టలేదు, రాళ్ళు కొట్టించి, మట్టి మోయించి రోడ్లు వేయించింది. 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ వచ్చి ఆ కూలి కూడా ఎక్కువేనన్నాడు. రోజుకు ఒక పౌను ధాన్యం, అంటే అర కిలోకు తక్కువ, పైన కాస్త చిల్లర. దీంతో మనిషి బతకడని మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ పోట్లాడితే కొన్ని నెలలకు పెంచారు. తట్ట మోసినవాళ్ళలో భూమి లేనివాళ్ళే ముందు. అంటే ఎవరో చెప్పాలా?

కరువు పనికి ఇప్పుడు ఉపాధి హామీ అని పేరొచ్చింది. 2006 ఫిబ్రవరిలో అది దేశంలో మొదలైంది మన పక్క జిల్లా అనంతపురంలోనే, బండ్లపల్లిలో. మంచి చట్టమే, నేను కాదనను. కానీ ఇంతమట్టి తవ్వితేనే ఇంత కూలి అని కొలిచే టేపు చూసినప్పుడల్లా నాకు టెంపుల్ గుర్తొస్తాడు. ఆ కూలి కూడా చేతికొచ్చేసరికి ఆలస్యమైతే జనం సుగ్గికి పోకుండా ఏం చేస్తారు?

పడమటి కర్నూలులో సుగ్గి అంటే ఇల్లు మూసి వలస పోవడం. గుంటూరు మిరప కోతలకు, తెలంగాణ పత్తికి, బెంగళూరు కట్టడాలకు. రోడ్డు బాగుపడే కొద్దీ జీపులు, బొలెరోలు మరింత తొందరగా తీసుకుపోతున్నాయి. మూటలు పైన, పిల్లలు లోపల. ముసలోళ్ళు గడప దగ్గర. నేను ఆరో తరగతిలో సుగ్గి నుంచి తిరిగొచ్చేసరికి హాజరు పట్టీలో నా పేరు మీద ఎర్రసిరా గీత ఉంది. సార్‌ని అడిగితే, "మీవాళ్ళకు చదువెందుకురా" అన్నాడు. మళ్ళీ పేరు రాయించడానికి అమ్మ రెండు రోజుల కూలి వదులుకుని బడి చుట్టూ తిరిగింది.

ఆదోని, ఎమ్మిగనూరు కాలేజీల్లో చదివే తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఈసారి సుగ్గి మొదలైనప్పుడు ఒక తెల్లారుజామున కోటేకల్ దగ్గర నిలబడండి. ఎన్ని బండ్లు పోయాయి, ఎంతమంది పిల్లలు, ఏ ఊరు, ఏ తరగతి, రాసుకోండి. సీజనల్ హాస్టళ్ళు జీపులు కదలకముందే తెరవాలి, పోయాక కాదు. ఆ కాగితం పట్టుకుని ఎంఈఓ ఆఫీసుకు కలిసి పోదాం.

వచ్చే భాగంలో ఈ రోడ్డు చుట్టుపక్కల చేలకు రావాల్సిన తుంగభద్ర ఎల్లెల్సీ నీళ్ళ సంగతి.