ఒంటి సూది ఊరు... నరసాపురం

తీరిక వేళల్లో అల్లిక నేర్చుకోవాలనుందా? అయితే మొదట తేల్చుకోవాల్సింది... క్రోషేనా, నిట్టింగా? పశ్చిమగోదావరి జిల్లా నరసాపురం మాత్రం ఈ సంగతి ఎప్పుడో తేల్చేసుకుంది!

వశిష్ఠ గోదావరి ఒడ్డున, రైలు దారి ఆగిపోయే చోట ఉంటుందీ ఊరు. చుట్టుపక్కల పల్లెల్లో మధ్యాహ్నం అయితే చాలు, అరుగుల మీదికి దారం ఉండలూ కొక్కెం సూదులూ వచ్చేస్తాయి. పందొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు ఇక్కడి ఆడవాళ్లకు నేర్పిన లేసు అల్లిక అది. స్వెట్టర్ల అవసరమే లేని ఆ ఉక్కపోతలో ఉన్నికన్నా నూలుదారమే నిలిచింది.

నిట్టింగుకి రెండు సూదులు కావాలి. వరసలోని కుట్లన్నీ సూది మీదే ఉంటాయి. ఒక్కటి జారిందంటే కిందిదాకా ఊడిపోవచ్చు. క్రోషేకి ఒకటే సూది, చాలాసార్లు దానిమీద ఒకటే కుట్టు. పాలు పొంగినా, పిల్లాడు ఏడ్చినా పక్కన పెట్టి లేవొచ్చు. తప్పు పోతే దారం లాగేసి మళ్లీ అల్లుకోవచ్చు. మేజోళ్లలా సాగే వాటికి మాత్రం నిట్టింగే మేలు. అయితే, నిట్టింగుని యంత్రాలు ఎప్పుడో అందిపుచ్చుకున్నాయి. మనం వేసుకునే టీషర్టు బట్ట అదే! అసలు సిసలు క్రోషే మాత్రం ఇప్పటికీ చేత్తో అల్లాల్సిందే.

మరి ఆ చేతికి విలువెంత? ఒకరు పువ్వులు అల్లితే, ఇంకొకరు వాటిని అతుకుతారు. అలా తయారైన బల్లగుడ్డలు విదేశాలకు వెళ్తాయి. ఇంట్లో రోజుకు 6 నుంచి 8 గంటలు చేసే ఈ పనిని 'ఖాళీ సమయంలో కాలక్షేపం' అనడం వల్లే కూలి అడుగునే ఉండిపోయిందని జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మారియా మీస్ 1982లో వెలువరించిన పుస్తకంలో వివరించారు. నరసాపురం క్రోషే లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది. పేరుకైతే రక్షణ దొరికింది. ఆ వెలుగు అరుగుల దాకా రావాలి.

కొత్తగా నేర్చుకునేవారు కొక్కెం సూదితోనే మొదలుపెట్టొచ్చు. ఒక్క చిన్న పువ్వు అల్లి, ఎంతసేపు పట్టిందో గడియారం చూసుకోండి. ఆ తర్వాత నరసాపురం వెళ్తే, లేసు దుకాణంలో బేరమాడటానికి మాత్రం నోరు రాదు!