సవర మాస్టారు, నాంపల్లి పిల్లలు

25 ఆగస్టు 2024, ఆదివారం

ఆబిడ్స్‌లో షట్టర్లు దించిన దుకాణాల ముందు ఎప్పటిలాగే పుస్తకాలు పరిచారు. పోటీ పరీక్షల గైడ్లు పక్కకు జరుపుతుంటే అట్ట ఊడిన పాత తెలుగు వాచకం దొరికింది. ఎవరో బొమ్మలన్నిటికీ, ఆవుతో సహా, మీసాలు గీసిపెట్టారు. అరవై చెప్పి నలభైకి ఇచ్చాడు.

తిలక్ రోడ్డు మీదుగా నడిచొచ్చాను. సారస్వత పరిషత్తు గేటు మూసి ఉంది. 1943లో రెడ్డి హాస్టల్లో పుట్టిన సంస్థ. బడి చదువంతా ఉర్దూలో సాగే రోజుల్లో తెలుగుకు పరీక్షలు పెట్టి పట్టాలిచ్చింది. కవి సినారె అంతటివారే డిగ్రీ దాకా ఉర్దూ మీడియం. నా తరగతిలో అంతా తలకిందులు. ఇంట్లో ఉర్దూ, బడిలో 2018 చట్టం పెట్టిన తప్పనిసరి తెలుగు.

28, బుధవారం

రేపు గిడుగు రామమూర్తి జయంతి. బడి అసెంబ్లీలో ఐదు నిమిషాలు మాట్లాడమన్నారు. ఏటా అదే ప్రసంగం: గ్రాంథికం ఓడింది, వ్యావహారికం గెలిచింది. ఆరో తరగతి వాళ్లకు ఆ తగాదాతో ఏం పని?

నాకైతే ఉద్యమ నాయకుడికన్నా సవర గిరిజనుల భాషలో వాచకాలు రాసిన పర్లాకిమిడి మాస్టారే గొప్ప. (సాహిత్య సభలో ఈ మాటంటే తంతారు.) 1880లో రాజావారి బడిలో చేరాడు. తెలుగు వచ్చిన సవర ఒకతన్ని ఇంట్లో పెట్టుకుని, ఏళ్లతరబడి విని ఆ భాష పట్టుకున్నాడు. వాచకాలు, పాటలు, నిఘంటువు ఆ తర్వాతే. కొండల్లో తిరిగితే మలేరియా, దానికి క్వినైన్, దాంతో చెవుడు. చెవి మీద ఆధారపడి పని చేసిన మనిషికి! అయినా సవర వ్యాకరణం 1931లో వచ్చింది, అప్పటికి అరవై ఎనిమిదో ఏడు. 1936లో పర్లాకిమిడిని ఒరిస్సాలో కలిపేస్తే రాజమండ్రికి తరలిపోయాడు.

29, గురువారం

మైకు గరగరల మధ్య సవర కథే చెప్పాను. పుస్తకాలకు సర్కారు పారితోషికం ఇస్తానంటే, నాకొద్దు, ఆ డబ్బుతో సవర పిల్లలకు బడి పెట్టండి అన్నారట, అనగానే వెనక వరసలోంచి ఒకడు: "పెట్టిండ్రా టీచర్?"

సొంత డబ్బుతో ఆయనే బళ్లు నడిపారని చెప్పాను.

"అయితే సర్కారు పైసలు తీస్కుంటే అయిపోవు గదా!"

అందరూ నవ్వారు. నేనూ ఆపుకోలేకపోయాను.

31, శనివారం

ఒకటే వాన. దిద్దాల్సిన నోటుబుక్కులు ముందేసుకున్నాను. మా రెండో భాష వాచకం, పిల్లలకు తెలుగు మాట్లాడటం ముందే వచ్చనుకుని మొదలవుతుంది. అదే దాని జబ్బు. తెలుగిళ్ల పిల్లలు నీళ్లు నమిలే భ, ఖ, ఘ మా పిల్లలకు తేలిక, ఇంటి ఉర్దూలో ఉన్నవే. తంటా అంతా ణ, ళలతో. ఎ, ఏల తేడా చెవికే ఆనదు, ఇక చేతికేం ఆనుతుంది? ఒ, ఓలూ అంతే. అయినా వర్ణమాల వరసలోనే నడిపించాలా?

నా అభ్యాస పత్రాల్లో వరస మార్చేశాను. భ, ఖ ముందు. ళ, ణ దసరా తర్వాత. ఎ, ఏలకు రాత లేదు, వారం రోజులు వినడమే. మొదటి పాఠం నాంపల్లి స్టేషన్, రెండోది యూసుఫైన్ దర్గా వీధి. సోమవారం చూపిస్తే హెడ్‌మాస్టరుగారు ముందు సిలబస్ సంగతి అడుగుతారు. వాచకం కూడా పూర్తి చేస్తానని చెప్పాలి. జిరాక్సు ఖర్చు మాత్రం నాదే.