ద్వీపమున అరిసెపాకము

ఉత్తర కోస్తా జిల్లాల ఇండ్లలో "మూకుడు పెట్టుట" అను పలుకుబడి యొకటి కలదు. మూకుడు పొయ్యి మీద ఏనాడైనను పెట్టవచ్చును, వంకాయ వేపుడునకైనను పెట్టవచ్చును. కాని సంక్రాంతికి వారము దినములు ముందు ఒక ఇల్లాలు మరియొక ఇల్లాలిని "మీ ఇంట మూకుడు పెట్టినారా?" అని అడిగినప్పుడు ఆ ప్రశ్న వేపుళ్లను గూర్చినది కాదు, అరిసెలను గూర్చినది. "ఈ యేడు వారు మూకుడు పెట్టరు" అన్నచో, ఆ యింట ఒకరు పోయినారని అర్థము. ఏడాది తిరుగువరకు ఆ యింట పండుగ లేదు, పిండివంట లేదు. చావు అను మాట నోట రాకుండనే చావును తెలుపగల ఈ పలుకుబడి విశాఖపట్టణమున ఓడ నెక్కి, సుమారు 1200 కిలోమీటర్ల సముద్రము దాటి, అండమాను ద్వీపములకు కూడ చేరినది.

2011 జనాభా లెక్కలలో ఈ ద్వీపములందలి 3,80,581 మందిలో తెలుగు మాతృభాషగా గలవారు నూటికి 13 మందికి పైబడిరి. వారిలో పెక్కుమంది శ్రీకాకుళము, విశాఖపట్టణము తీరములనుండి బ్రతుకుతెరువునకై వచ్చినవారు, లేదా వారి సంతతివారు. పోర్ట్ బ్లెయిరులో (2024 సెప్టెంబరులో ఈ నగరమునకు శ్రీవిజయపురమని పేరు మార్చిరి) చేపలరేవు గల జంగ్లీఘాట్ ప్రాంతమున తెలుగు మాట వినబడని వీధి అరుదు. ఆ వీధులలో ఒక దానియందు, 2024 సంక్రాంతికి ముందు, నలువది యేండ్లు దాటిన ఒక గృహిణి తన జీవితమున మొదటిసారిగా అరిసెపాకము పట్టవలసివచ్చినది.

అంతవరకు ఆమె ఎన్నడును పట్టలేదు. అరిసెలు చేయుట తెలియక కాదు. ఏడెనిమిదేండ్ల వయస్సునుండి ఆమె తల్లి ప్రక్కన కూర్చుండి అరటియాకుమీద ఉండలు తట్టినది, నువ్వు లద్దినది, నూనెనుండి తీసిన అరిసెను రెండు చెక్కల నడుమ నొక్కి నూనె పిండినది. కాని పాకము మాత్రము తల్లిది. మన ఇండ్లలో పాకము ఒక పని కాదు, ఒక పదవి. పెద్దావిడ జీవించియున్నంతకాలము దానిని మరియొకరు తాకరు. కోడండ్రు చుట్టు నిలిచి చూతురు. చూచినంతమాత్రమున వచ్చినదని తలపోయుదురు.

తల్లి శ్రీకాకుళము జిల్లాలోని ఒక తీరగ్రామమునుండి పెండ్లికూతురుగా ఈ ద్వీపమునకు వచ్చినది. కొడుకునకు నిర్మాణశాఖలో కొలువు దొరికి, గ్రేట్ నికోబారు ద్వీపమునందలి క్యాంప్‌బెల్ బేకు పోయినది మొదలు, ఆమె యేటేట సంక్రాంతికి ఒక డబ్బా నిండ అరిసెలు చేసి ఓడలో పంపుచుండెను. పోర్ట్ బ్లెయిరునుండి ఆ యూరు ఐదు వందల కిలోమీటర్లకు పైబడిన దూరము. లిటిల్ అండమాను దాటిన పిమ్మట పది డిగ్రీల జలసంధి వచ్చును. అచ్చట సముద్రము తరచు అల్లకల్లోలముగా నుండును. కార్ నికోబారు, కమోర్టా మున్నగు చోట్ల ఆగుచు పోవు ఓడకు రెండు మూడు దినములు పట్టును. ఇట్టి ప్రయాణమునకు బూరెలు నిలువవు, మరునాటికే పులియును. గారెల మాట చెప్పనక్కరలేదు. అరిసె యొక్కటే నిలుచును. పాకము సరిగా కుదిరిన అరిసె మూడు వారములైనను చెడదు. మొదటినాటికంటె మూడవనాడు రుచి హెచ్చుననువారు కూడ కలరు. ఆ వంటకము ఓడలు ఎరుగని పల్లెలలో పుట్టినను ఓడ ప్రయాణమునకే పుట్టినట్లుండును.

2023 ఆషాఢమున తల్లి గతించెను. కర్మచేసినవాడు కొడుకు గనుక అతని యింట ఆ యేడు మూకుడు పెట్టరాదు. కూతురి మాట ఏమి? ఇచ్చట వీధిలోని పెద్దలకు ఏకాభిప్రాయము లేకపోయెను. పెండ్లియైన ఆడపిల్లకు తలిదండ్రుల మైల మూడు రాత్రులతో తీరునని, గోత్రము మారినది గనుక ఆమె యింట పండుగ చేయవచ్చునని కొందరనిరి. శాస్త్రమెట్లున్నను కన్నతల్లి పోయిన యేడు అరిసె వండుటకు చేయి ఎట్లాడునని కొందరనిరి. తగవు తీర్చినది ఆ గృహిణి అత్తగారు. "మైల ఇంటోళ్లకి బయటోళ్లే కదా పంపాల. నువ్విప్పుడు ఆ ఇంటికి బయటిదానివే" అని ఆమె అన్నది. ఉపకారముగా అన్న మాటయే. కాని ఆ మాటతో కోడలు ఆ రాత్రి భోజనము సరిగా చేయలేదు.

పాకము చెప్పువారు కావలెను. తల్లి చెల్లెలు శ్రీకాకుళము జిల్లాలో స్వగ్రామముననే యున్నది. టెలిఫోనులో ఆమె చెప్పిన విధము ఇది: "కిలో బియ్యానికి ముప్పావు కిలో బెల్లం. బియ్యం రాత్రంతా నానాల, నీళ్లు మార్సాల. గుడ్డ మీద ఆరబెట్టి తడిగుండగానే పిండి కొట్టాల. లేతపాకమే సేయి. పల్లెంలో నీళ్లోసి సుక్క ఏస్తే పారిపోకూడదు. ఏలుతో దగ్గరికి తీస్తే ఉండ అవ్వాల, నొక్కితే సాగాల. ముదిరిందా, నీ తమ్ముడి పళ్లు ఊడిపోతాయి."

"పారిపోవుట" యన్నది ఇచ్చట గమనింపదగిన మాట. పాకపు చుక్క నీటిలో కరగిపోవుటను ఆ ప్రాంతపు స్త్రీలు అట్లందురు. చుక్క నిలిచినచో పాకము "వచ్చినది". వచ్చుట, పారిపోవుట, ముదురుట, పడిపోవుట: ఒక పళ్లెమెడు నీటిలో ప్రాణము గల వస్తువును కనిపెట్టుచున్నట్లే యుండును ఆ పరిభాష యంతయు.

చెప్పినదంతయు ఆమె చెప్పినట్లే చేసినది. రెండు కిలోల బియ్యము నానవేసినది. అందులో సగము ఒకనాటికి, సగము అవసరమునకు. బెల్లము అనకాపల్లిది, ఓడలో వచ్చినదే. సముద్రపు గాలికి అచ్చుల అంచులు చెమర్చి సంచి కంటుకొనియుండెను. తడిబియ్యమును మరలో ఆడించుటకు వీలుపడక, మిక్సీలో గుప్పెడు గుప్పెడుగా వేసి జల్లించినది. పాకమును పళ్లెములో పరీక్షించినది. చుక్క పారిపోలేదు. ఉండ అయినది, నొక్కిన సాగినది. దించి పిండి కలిపినది. చలిమిడి నునుపుగా, చూపునకు ఇంపుగా నుండెను. మొదటి అరిసె నూనెలో పడగానే పొంగవలసినది పొంగక, అంచులు విచ్చి, నడుమ చిల్లులు పడి, తునుకలు తునుకలై మూకుడంతయు వ్యాపించెను. రెండవదియు అంతే. మూడవదానిని మందముగా తట్టి వేసినది. అది పైన నల్లబడి లోన పచ్చిగా నుండెను.

నూనె నల్లబడిన వాసనకు ప్రక్కయింటి స్త్రీ వచ్చి చూచినది. ఆమె ఛోటానాగపూరు ప్రాంతమునుండి కూలిపనులకై తీసికొని రాబడినవారి సంతతి. వారిని ద్వీపములలో "రాంచీవారు" అందురు. తునుక యొకటి నోట వేసికొని "అర్సా కదా!" అని హిందీలో అన్నది. తమ యింటను పండుగలకు, పెండ్లిండ్లకు బియ్యపుపిండి, బెల్లపుపాకముతో దానినే చేయుదురట. శ్రీకాకుళమునకు ఎల్లయైన ఒడిస్సాలో ఇది "ఆరిసా పిఠా". తమిళుల "అదిరసము", కన్నడిగుల "కజ్జాయ" పేర్లలో భిన్నములైనను వంటలో దీనికి తోబుట్టువులే. నిఘంటువులు ఎదుట పెట్టుకొని ఏ పేరు ఏ పేరునుండి వచ్చినదని వాదింపవచ్చును. నానిన బియ్యము, తడిపిండి, లేతపాకము అను మూడు మాత్రము ఈ వాదములకు లొంగక భాషలన్నిటి క్రిందుగా నడచిపోయినవి. ఆ పొరుగామెయు పాకమును గూర్చి సలహా చెప్పలేకపోయెను. వారి యింటను అది అత్తగారి పనియే.

మిగిలిన కిలో బియ్యము నీటిలో నున్నది. ఆ సాయంకాలమే క్యాంప్‌బెల్ బే ఓడ ఒక దినము ముందుగా బయలుదేరునని కబురు వచ్చెను. అనగా మరునాటి ప్రొద్దున డబ్బా రేవునకు చేరవలెను.

రాత్రి ఎనిమిది గంటలకు ఆమె రెండవమారు బియ్యమును గుడ్డమీద పోసినది. పంకా క్రింద పావుగంట యైనను, అరగంట యైనను, గింజ పట్టుకొన్న చేతికి తడి తగులుచునే యుండెను. ఈ ద్వీపములలో ఏటా సుమారు మూడు వేల మిల్లీమీటర్ల వాన కురియును. తుదివానలు డిసెంబరువరకు పడుచుండును. జనవరిలో మబ్బు విడిచినను గాలి విడువదు. శ్రీకాకుళమున అదే మాసమున మంచు విడిచిన గాలికి గుడ్డమీది బియ్యము పావుగంటలో ఆరవలసినంత ఆరును. అచ్చటి లేతపాకము అచ్చటి పిండికి సరిపోవును. ఇచ్చటి పిండి తనలో ఎక్కువ నీటిని దాచుకొని మూకుడువరకు వచ్చును.

అప్పుడామెకు తల్లి అలవాటు ఒకటి జ్ఞప్తికి వచ్చెను. తల్లి పళ్లెములో చుక్క వేసి, ఉండ చేసి చూచి, "అయ్యింది" అనునది. అనియు దించెడిది కాదు. మంట తగ్గించి, లేచి, ఆ పళ్లెమును కడిగి, క్రొత్త నీరు పోసికొని వచ్చి, మరల చుక్క వేసెడిది. అప్పుడు మాత్రమే దించెడిది. పిల్లలందరు దానిని ముసలితనపు అనుమానమని నవ్విరి. "ఒకసారి అయ్యిందన్నావు కదే" అని కొడుకు వెక్కిరించెడివాడు. ఆమె బదులు చెప్పెడిది కాదు. బహుశః ఆమెకును చెప్పుటకు మాట లేదు. పుట్టినయూరి పాకమునకు "లేతపాకము" అని పేరున్నది. ఈ ద్వీపమునకు వచ్చిన తొలి సంవత్సరములలో ఎన్ని మూకుళ్లు పాడుచేసికొని కనిపెట్టినదో ఆ క్రొత్త పాకమునకు పేరు లేదు. దానినిగూడ ఆమె లేతపాకమనియే చెప్పుచుండెను. పళ్లెము కడిగి తెచ్చునంతసేపు, అనగా రెండు మూడు నిమిషములు, పాత మాటకును క్రొత్త వస్తువునకును నడుమనున్న దూరము.

1962లో భద్రిరాజు కృష్ణమూర్తిగారు మాండలిక వృత్తిపదకోశపు మొదటి సంపుటమును, వ్యవసాయ పదములతో, వెలువరించిరి. పనివారి నోటనే పదములు సేకరింపవలెనను ఆ పద్ధతి మన భాషాశాస్త్రమునకు గొప్ప మేలు చేసినది. కాని ఏ సేకర్త యైనను ఆ తల్లిని పాకమునుగూర్చి అడిగియుండినచో ఆమె చెల్లెలు చెప్పినదే ఆమెయు చెప్పియుండును. పళ్లెము కడుగుటకు లేచినప్పుడు అతడు కలము మూసియుండును.

ఆ రాత్రి కూతురు పళ్లెము కడిగినది. మొదటిమారు సాగిన ఉండ రెండవమారు వ్రేళ్ల నడుమ కొంచెము ఎదురు తిరిగినది. దించి, పిండి జల్లుచు కలిపినది. అరిసె నూనెలో మునిగి, ఒక క్షణము అడుగున నిలిచి, పొంగి పైకి వచ్చెను. అంచు చెదరలేదు. దానిని చెక్కల నడుమ నొక్కినది ఆమె కూతురు, పదవ తరగతి పిల్ల. ఆ పిల్ల బడిలోను వీధిలోను మాటలాడునది హిందీ. ఇంటిలో తెలుగు వినును, సగము హిందీలో బదులిచ్చును. "మమ్మీ, రెండుసార్లు ఎందుకు?" అని మాత్రము తెలుగుననే అడిగినది.

అర్ధరాత్రివరకు వండగా ఏబదికి కొన్ని తక్కువగా వచ్చెను. నలువది డబ్బాలో సర్దినది. ప్రొద్దున హాడో రేవున, క్యాంప్‌బెల్ బేకు పోవుచున్న ఒక ఉపాధ్యాయుని చేతికి ఆ డబ్బా నిచ్చినది. ద్వీపములలో ఓడ ప్రయాణికుని చేత పొరుగువారి డబ్బాలు రెండైన లేకుండుట అరుదు.

కనుమనాడు తమ్ముడు పిలిచెను. గ్రేట్ నికోబారులో 1969 మొదలు మాజీ సైనికుల కుటుంబములను పలు రాష్ట్రములనుండి తెచ్చి స్థిరపరచిరి. అతని పొరుగున ఒక మరాఠీ కుటుంబము, ఒక తమిళ కుటుంబము. మరాఠీవారు "అనారసే" అనిరట, తమిళులు "అదిరసము" అనిరట. ప్రతి సంవత్సరమును ఈ తగవు వచ్చునట. ఇదంతయు చెప్పి, కొంచెముసేపు ఊరకుండి, అతడు అన్నాడు:

"అంచులు కరకరలాడుతున్నాయప్పా. అమ్మయి ఇంకొంచెం మెత్తన."

"రెండో పల్లెం దగ్గర ఎక్కువసేపు ఆగిపోయాను రా."

"రెండో పల్లెం ఏటి?"

"వచ్చినప్పుడు సూపిస్తాను," అన్నది ఆమె. డబ్బాలో ఎన్ని మిగిలినవని అడిగినది. పదకొండు, అని అతడు చెప్పెను.