అభిమానానికి కొలబద్ద

అభిమానాన్ని కొలవడానికీ ఒక కొలబద్ద ఉంది. 2002లో లిన్ మెకచన్, రెన్స్ లాంగ, జేమ్స్ హౌరన్ అనే మనస్తత్వ పరిశోధకులు తారారాధనను అంకెలలో పట్టే ప్రశ్నావళిని ప్రకటించారు. ఎక్కువగా వాడుకలో ఉన్న రూపంలో 23 వాక్యాలుంటాయి. ఒక్కొక్కదానితో ఎంతవరకు ఏకీభవిస్తామో అయిదు మెట్లలో చెప్పాలి. జవాబులలో మూడు స్థాయిలు తేలతాయి. మొదటిది వినోదం, నలుగురితో ముచ్చట. రెండవది ఆ తార తన మనిషే అన్నంత గాఢానుబంధం. మూడవది ఆ తార అడిగితే చట్టాన్ని మీరడానికైనా వెనుదీయని స్థితి. భయపడవలసింది ఈ మూడవదానికేనని మనకు తోస్తుంది.

మన చుట్టూ జరిగినవి చూస్తే ఆ లెక్క కుదరడం లేదు.

2024 డిసెంబరు 4 రాత్రి, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లోని సంధ్య థియేటరుకు 'పుష్ప 2' ముందస్తు ప్రదర్శన చూడటానికి ఒక కుటుంబం వెళ్ళింది. వారిది దిల్‌సుఖ్‌నగర్; మా అల్మాస్‌గూడ వాళ్ళం నగరంలోకి వెళ్ళే దారిలోనిదే. పిల్లవాడి ముచ్చట తీర్చడానికే ఆ ప్రయాణమని పత్రికలలో చదివాను. కథానాయకుడూ అక్కడికి రావడంతో తొక్కిసలాట జరిగింది. తల్లి మరణించింది. పిల్లవాడు నెలల తరబడి ఆసుపత్రిలో ఉన్నాడు. ఆ తల్లి చేత ప్రశ్నావళి నింపించి ఉంటే మొదటి స్థాయి దాటేదని నేననుకోను.

2020 సెప్టెంబరు 1 రాత్రి కుప్పం ప్రాంతంలో పవన్ కళ్యాణ్ పుట్టినరోజుకు ఫ్లెక్సీ కడుతూ ముగ్గురు యువకులు విద్యుద్ఘాతానికి బలయ్యారు. 2023 జూలైలో నరసరావుపేటలో సూర్య పుట్టినరోజు ఫ్లెక్సీ మరో ఇద్దరు విద్యార్థులను బలిగొంది. వాళ్ళ మనసుల్లో ఉన్మాదం ఎంతో ఎవరూ కొలవలేదు. తలపైన తీగ ఎంత ఎత్తున ఉందో కూడా ఎవరూ కొలవలేదు.

ప్రశ్నావళి ఒంటరి మనసును తూస్తుంది. మన దగ్గర అభిమానం గుంపులో బతుకుతుంది. ఫ్లెక్సీలో కథానాయకుడి పాదాల దగ్గర వరుసగా చిన్న చిన్న ముఖాలుంటాయి చూడండి. వీధిలో ఎవరూ పేరు పెట్టి పిలవని కుర్రవాడికి అదొక గుర్తింపు. ఆ ఆశను రోగమనడానికి నాకు నోరు రాదు.

అందుకే ఆ 23 వాక్యాలకు తోడు మరికొన్ని ప్రశ్నలుండాలంటాను. వాటికి జవాబు చెప్పవలసినవారు కుర్రవాళ్ళు కారు; జనాన్ని పోగుచేసేవారు, అనుమతులిచ్చేవారు. ఈ గేటులోంచి ఒకేసారి ఎంతమంది పట్టగలరు? తార వస్తున్నట్టు ఎవరికి ముందుగా తెలుసు? కిందపడిన మనిషిని బయటికి చేర్చే దారి ఏది?

ఈ మార్కులు ముందు తేలితే, పిల్లవాడి అభిమానాన్ని తీరికగా కొలుచుకోవచ్చు.