తూము

అద్దెకి తీసుకున్న ఆర్వీ 25 అడుగులుంటుంది. అందులో స్టవ్వు, ఫ్రిజ్జు చూసి అమ్మ సంబరపడింది. పడుకునే చోటుకి నాలుగడుగుల్లో దొడ్డి ఉండటం మాత్రం నాన్నకి చివరిదాకా మింగుడుపడలేదు. దాని ట్యాంకుని నేను గ్లౌజులేసుకుని ఖాళీ చేస్తుంటే, "ఈ పని నువ్వు చెయ్యాలా?" అని ప్రతిసారీ అడిగేవాడు.

చార్ల్‌స్టన్ పాత వీధులు ఇరుకు, అంత బండిని అందులో తిప్పడం నావల్ల కాదు. జేమ్స్ ఐలాండ్ పార్కులో కరెంటు తగిలించి ఆపేసి, క్యాబులో ఊళ్ళోకెళ్ళాం. రెయిన్‌బో రో ముందు ఫొటోలు దిగాం. నాన్న నిలబడమన్న చోటల్లా నిలబడ్డాడు, అంతే.

ఆయనలో కదలిక వచ్చింది మిడిల్టన్ ప్లేస్‌లో, సందర్శకుల కోసం వేసిన చిన్న వరిమడి దగ్గర. నదిగట్టులో చెక్క తలుపులతో నీటిదారి పెట్టేవాళ్ళని, దాన్ని 'ట్రంక్' అనేవాళ్ళని గైడు చెప్పింది. మొదట్లో తొలిచిన చెట్టుమొద్దు వాడేవాళ్ళట, ఆ పేరే నిలిచిపోయింది. "తూమే కదరా!" అన్నాడు నాన్న. మాది కోనసీమ. పోటుకి నదిలో మంచినీళ్ళు ఎగదన్నినప్పుడు తలుపెత్తి మడి నింపడం, ఆటుకి తీసెయ్యడం. ఇదంతా ఆయనకి నేను తర్జుమా చెయ్యక్కర్లేకపోయింది. చిత్తడి అడవులు నరికి ఆ గట్లు పోసింది బానిసలని, వాళ్ళలో చాలామందిని వరి పండే పశ్చిమాఫ్రికా నేలల నుంచే పట్టి తెచ్చారని మాత్రం చెప్పాల్సొచ్చింది. ఆయన మడివైపు చూస్తూ, "రోజంతా బురదలో ఉంటే వేళ్ళసందులు ఒరిసిపోతాయి," అన్నాడు.

సవానాలో ఒక పూటే ఉన్నాం. ఓక్ కొమ్మల నుంచి వేలాడే స్పానిష్ మాస్ అసలు నాచే కాదట, అనాసకి చుట్టమట. అమ్మకి ఆ ఊళ్ళో నచ్చిన సంగతి అదే.

డేరియన్ దాటాక 17వ నంబరు రోడ్డు పక్కన పాత వరిమిల్లు పొగగొట్టం ఒంటరిగా నిలబడి ఉంటుంది. బట్లర్ ఐలాండ్. ఈ ఎస్టేటు వారసుడు పియర్స్ బట్లర్ అప్పులు తీర్చుకోడానికి 1859 మార్చిలో సవానా దగ్గర గుర్రప్పందాల మైదానంలో 436 మందిని వేలానికి పెట్టాడు. ఆ రెండు రోజులూ వాన. బండి ఆపి, ఫోన్లో ఆ వేలం జాబితా తెరిచి చదివాను. నంబరు, పేరు, వయసు, వరి పనో పత్తి పనో. చాలామందికి ఒక్క పేరే, ఇంటిపేరు లేదు.

నాకు మా పాలేరు గుర్తొచ్చాడు. నన్ను భుజాలమీద ఎక్కించుకుని తూము దాకా తీసుకెళ్ళేవాడు. అన్నం మాత్రం పెరట్లో, విడిగా పెట్టిన పళ్ళెంలో తినేవాడు. రెండూ ఒకటి కాదని నాకూ తెలుసు. అతనికి జీతం ఉండేది, మానేసి పోయే హక్కుండేది. మా నాన్న దగ్గర అప్పు కూడా ఉండేది.

"అతని ఇంటిపేరేంటి నాన్నా?"

పొగగొట్టం వెనకబడి చాలా దూరం వచ్చేదాకా ఆలోచించాడు. "ముప్ఫై ఏళ్ళు చేశాడు మన దగ్గర," అన్నాడు. ఇంకేం అనలేదు.

మర్నాడు పొద్దున సెయింట్ అగస్టీన్‌లో నేను లేచేసరికి నాన్న బయట కుర్చీలో కూర్చుని ఊరికి ఫోన్ చేస్తున్నాడు. బాబాయికీ తెలీదట. పేటలో అడిగి చెప్తానన్నాడట.