చవితి చంద్రుడూ, రెండు రూపాయల డెబ్బై పైసలూ

మా మనవరాలికి ఎనిమిదేళ్ళు. పోయిన వినాయక చవితికి దానికి ఎవరో ఒక బొమ్మల పుస్తకం బహుమతిగా ఇచ్చారు. వినాయకుడి కథలు, ఒక్కో కథ కింద రంగు డబ్బాలో ఒక్కో నీతి. చదివి పెట్టమని నా ఒళ్ళో వేసింది.

మొదటి కథ అందరికీ తెలిసిందే. కుమారస్వామి నెమలినెక్కి ముల్లోకాల్లోని నదులన్నీ తిరిగి వస్తాడు. వినాయకుడు తల్లిదండ్రుల చుట్టూ ప్రదక్షిణ చేసి పందెం గెలుస్తాడు. నీతి: తల్లిదండ్రులే ప్రపంచం. నేను ముప్పై ఏడేళ్ళు డిఫెన్స్ అకౌంట్స్‌లో పని చేసి రిటైరయిన వాణ్ణి. ఇల్లు కదలకుండా ముల్లోకాలకూ టి.ఏ. బిల్లు పెట్టిన వాణ్ణి ఎంతమందిని చూశానో! నెమలినెక్కి నిజంగా తిరిగొచ్చిన కుర్రాడి బిల్లు మాత్రం తిరగ్గొట్టారు. ఈ మాట పైకి అనలేదు. మా కోడలికీ నాకూ ఒక ఒప్పందం ఉంది. పూజ అయ్యేవరకు నేను నోరు విప్పకూడదు. పత్రి తెచ్చిపెడతాను, పందిరి కడతాను, ఉండ్రాళ్ళు తింటాను. ఉండ్రాళ్ళ విషయంలో నాకు నాస్తికత్వం లేదు.

ఈ ఒప్పందం వెనక ఒక తప్పు ఉంది, దాచడమెందుకు? మా అబ్బాయికి ఆరేళ్ళున్నప్పుడు, పండగ పూట, పక్కింటి పిల్లలందరి ముందు "ఏనుగు తల మనిషి మెడకు అతకదురా" అని పావుగంట ఉపన్యాసం ఇచ్చాను. చెప్పిందాంట్లో తప్పు లేదు. కానీ ఆ ఏడు వాణ్ణి పందిరి దగ్గర ఆటలకు ఎవరూ పిలవలేదు. వాడు ఆ సంగతి నాతో చెప్పింది ఇరవై ఏళ్ళ తర్వాత. మన సంఘ సమావేశాల్లో "పిల్లలకు హేతువాదం ఎలా నేర్పాలి" అని చర్చ వచ్చినప్పుడల్లా నాకు ఆ సాయంత్రమే గుర్తొస్తుంది.

సరే, అసలు విషయానికి వస్తాను. పుస్తకంలో రెండో కథ చంద్రుడిది. కడుపునిండా కుడుములు తిన్న వినాయకుడు తల్లిదండ్రులకు వంగి దణ్ణం పెట్టలేక అవస్థ పడుతుంటే చంద్రుడు నవ్వాడు. వినాయకుడి పొట్ట పగిలింది. పార్వతి శపించింది. నీతి: ఇతరుల శరీరాన్ని చూసి నవ్వకూడదు. మంచి నీతే, నాకేం అభ్యంతరం లేదు. కానీ శాపం చూడండి. నవ్వింది చంద్రుడు, శిక్ష చంద్రుణ్ణి చూసిన వాళ్ళకి! వ్రతకథలో ఆ శిక్ష మొదట పడింది ఋషిపత్నుల మీద. అగ్నిహోత్రుడి భార్య వాళ్ళ రూపాలు ధరించింది. మునులు ఏ విచారణా లేకుండా తమ భార్యల్ని వదిలేశారు. పిల్లల పుస్తకంలో ఈ భాగం లేదు. ఎత్తేసిన వాళ్ళు మంచి పనే చేశారు. పెద్దలం మాత్రం ఏటా దాన్ని విని అక్షింతలు నెత్తిన వేసుకుంటున్నాం.

ఈ నీలాపనిందల శాపం నాకు సొంత అనుభవం.

1971లో నేను ఏడో తరగతి. లెక్కల్లో చురుకని మా మాస్టారు బడి పందిరి చందాలు నా చేత వసూలు చేయించారు. పావలా, అర్ధ రూపాయి, దాత పేరు పక్కన నేనే నోటు పుస్తకంలో రాసుకున్నాను. పుస్తకం ప్రకారం మొత్తం పద్నాలుగు రూపాయల అరవై పైసలు. డబ్బాలో ఉన్నది పదకొండు రూపాయల తొంభై పైసలు. అంతే! ఆ మధ్యాహ్నానికల్లా నేను దొంగనయ్యాను. ఇంటికొచ్చి ఏడిస్తే నాయనమ్మ అడిగిన మొదటి ప్రశ్న, "చవితి నాడు చంద్రుణ్ణి చూశావట్రా?" చూశాను. చెరువుగట్టు మీదుగా వస్తూ నీళ్ళలో చూశాను. "అదీ సంగతి" అంది. నాన్న తక్కువైన రెండు రూపాయల డెబ్బై పైసలు కట్టేశాడు. ఒక్కరూ ఆ పుస్తకంలో కూడిక మళ్ళీ చేసి చూడలేదు. ఇప్పుడు ఆలోచిస్తే వాళ్ళ మీద కన్నా నా మీదే నాకు ఆశ్చర్యం. లెక్కల్లో చురుకైన నేనూ చేయలేదు! కారణం ముందే దొరికిపోయింది కదా. ఇక వెతకడం దేనికి?

ఆరేళ్ళ తర్వాత బి.కాం.లో ట్రయల్ బ్యాలెన్స్ పాఠం చెబుతూ మా లెక్చరర్ ఒక కిటుకు చెప్పారు. తేడా తొమ్మిదితో నిశ్శేషంగా భాగింపబడితే ఎక్కడో అంకెలు తారుమారు అయ్యాయేమో చూడమన్నారు. రెండు వందల డెబ్బై పైసల్ని తొమ్మిదితో భాగిస్తే ముప్పై. ఆ క్లాసులో మిగతా పాఠం నాకు వినపడలేదు. ఆ ఆదివారం ఊరెళ్ళి అటకెక్కాను. అదృష్టం, మిగిలిన తెల్లకాగితాల్లో అమ్మ పాల లెక్క రాసుకుంటూ ఆ పుస్తకాన్ని దాచింది. మొదటి పేజీ అడుగున మొత్తం 5-80. పేజీ తిప్పి పైన నేనే ఎత్తి రాసుకున్నది 8-50. దొంగ లేడు, చంద్రుడూ లేడు. పన్నెండేళ్ళ కుర్రాడి తొందర ఉంది.

పుస్తకం పట్టుకెళ్ళి నాయనమ్మకు చూపించాను. ఆమె కళ్ళు తుడుచుకుని, "చూశావా, ఆ మరుసటేడు నీకు కథ వినిపించి అక్షింతలు వేశాను. నింద పోయింది" అంది. ఇలాంటి వాదాన్ని ఓడించడం ఎవరి తరం?

తర్వాత నేను పూణేలో పని చేశాను. అక్కడ సంకష్టి చతుర్థి నాడు చంద్రుణ్ణి చూశాకే ఉపవాసం విడుస్తారు. అది బహుళ పక్షంలో వచ్చే చవితి, వేరే సంగతి అనుకోండి. మా సెక్షన్‌లో దర్భంగా నుంచి వచ్చిన మిత్రుడొకడు ఉండేవాడు. వాళ్ళ మిథిలలో సరిగ్గా మన భాద్రపద శుద్ధ చవితి రాత్రే చౌర్‌చన్ పండగ. పళ్ళూ పెరుగూ చేత్తో పట్టుకుని చంద్రుణ్ణి చూసి మరీ పూజ చేస్తారు. అదే రాత్రి, అదే చంద్రుడు. మనకు చూస్తే నింద, వాళ్ళకు చూస్తే శుభం. ఉత్తరాదిలో మరికొన్ని చోట్ల పొరపాటున చూస్తే పక్కింటి మీద రాళ్ళు వేసి తిట్లు తింటారట, నింద కోటా అక్కడితో చెల్లిపోతుందని. (మా ఆఫీసు భాషలో దీన్ని సర్దుబాటు పద్దు అంటాం.)

1995 సెప్టెంబర్ 21న వినాయకుడు పాలు తాగినప్పుడు కూడా పూణేలోనే ఉన్నాను. ఆఫీసు సగం ఖాళీ. తలతన్యత, కేశనాళికీయత మనకు తెలిసిన సంగతులే, మళ్ళీ చెప్పను. నాకు నచ్చింది ఢిల్లీలో ప్రభుత్వ శాస్త్రవేత్తలు చేసిన పని. పాలలో రంగు కలిపి పట్టారు. పాలు తొండం మీదుగా కిందికి జారిన దారి అందరికీ కనబడింది. వాళ్ళు దేవుడు ఉన్నాడా లేడా అని వాదించలేదు, పాలు ఎటు పోయాయో చూపించారు.

ఆ చూపు మన చవితి కథలోనే ఉందని గమనించడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. శమంతకమణి కోసం ప్రసేనుణ్ణి చంపాడని కృష్ణుడి మీద నింద పడింది. ఆయన ఏం చేశాడు? వ్రతం చేయలేదు, అక్షింతలు వేసుకోలేదు, అడవికి వెళ్ళాడు. శవం దొరికింది. శవం దగ్గర సింహం అడుగులు. అవి పట్టుకుని పోతే చచ్చిన సింహం, అక్కడి నుంచి ఎలుగుబంటి అడుగులు, చివర గుహ. భాగవతం దశమ స్కంధంలో ఈ కథ చదవండి. పాలగిన్నెలో చంద్రుడి ప్రసక్తే అక్కడ లేదు. కృష్ణుడు ఒంటరిగా పోలేదు, ఊరివాళ్ళను వెంట తీసుకెళ్ళాడు. మణి దొరికాక సత్రాజిత్తును సభకు పిలిపించి, రాజు ఎదుట, ఎలా దొరికిందో చెప్పి అప్పగించాడు. స్వతంత్ర సాక్షులు, ఘటనాస్థల పరిశీలన, అధికారి సమక్షంలో అప్పగింత! ఇంత పద్ధతిగా చేసిన విచారణ నా సర్వీసులో రెండో మూడో చూశాను. జరిగిందంటారా, పురాణం, జరగలేదు. కానీ కల్పించిన వాడెవడో దర్యాప్తు అంటే తెలిసిన వాడు. తర్వాత వచ్చిన వాళ్ళు దానికి చంద్రుణ్ణి అతికించి, అడుగుజాడల్ని పక్కకు నెట్టి, అక్షింతల్ని ముందుకు తెచ్చారు.

మనవరాలికి ఆ రోజు పుస్తకం మూసి ఈ అడుగుల కథే చెప్పాను. దేవుడి గురించి అవునని గాని కాదని గాని అనలేదు. అది సింహం పాదం ఎలా ఉంటుంది, ఎలుగుబంటి పాదం ఎలా ఉంటుంది అని బొమ్మలు వేయించుకుంది.

ఆ రాత్రి పడుకోబోయే ముందు నా గదికి వచ్చింది. ముఖం చిన్నబోయి ఉంది. కింద పార్కింగ్‌లో కారు అద్దంలో చంద్రుణ్ణి చూసేసిందట. "అమ్మతో చెప్పకు తాతయ్యా" అంది. ఏమీ కాదులే అని చెప్పొచ్చు. కానీ నా మాటా అక్షింతల్లాంటిదే కదా, నమ్మితేనే పని చేస్తుంది. అందుకని ఒక చిన్న పుస్తకం ఇచ్చాను. నింద పడ్డప్పుడల్లా తేదీ వేసి రాయమన్నాను. ఒక్క నెల కాదు, రెండు నెలలు. "రెండో నెల ఎందుకు? అప్పుడు చవితి చంద్రుణ్ణి చూడను కదా" అంది. "అందుకే" అన్నాను.

రెండు నెలలయ్యాక ఇద్దరం కూర్చున్నాం. మొదటి నెల పదకొండు, రెండో నెల ఏడు. దాని కళ్ళు పెద్దవయ్యాయి. నిజం చెబితే నాక్కూడా కాస్త ఇబ్బందిగానే ఉంది. అప్పుడు అడిగింది, "తాతయ్యా, అమ్మ తిట్లు లెక్కలోకి వస్తాయా?"

చేయనిదానికి తిడితే వస్తాయి, చేసినదానికి తిడితే రావు అని చెప్పాను. పెన్సిలు తీసుకుని తనే కొట్టెయ్యడం మొదలుపెట్టింది. బస్సులో నీళ్ళ సీసా వదిలేసినందుకు, కొట్టేసింది. హోంవర్కు, కొట్టేసింది. అలా మొదటి నెలలో రెండు మిగిలాయి, రెండో నెలలో మూడు. మొదటి నెలలో మిగిలిన వాటిలో ఒకటి, తమ్ముడి క్రేయాన్ విరిచిందని పడ్డ నింద. దాని దగ్గర పెన్సిలు చాలాసేపు ఆగింది. తమ్ముడు గదిలో లేడని ఒకసారి చూసుకుంది.

"ఇదీ కొట్టెయ్ తాతయ్యా" అని పుస్తకం నా వైపు జరిపింది.